హవల్దార్ మేజర్‌గా కొత్త యూనిట్‌లో: ముందు లెక్క, తర్వాత మాట

జవాన్ల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మద్రాస్ రెజిమెంట్‌లో 17 ఏళ్ల సర్వీసు నాది. హవల్దార్‌ని. వచ్చే నెల రాష్ట్రీయ రైఫిల్స్ బెటాలియన్‌కు పోస్టింగ్. అక్కడ కంపెనీ హవల్దార్ మేజర్ (సీహెచ్ఎం) బాధ్యత ఇస్తామన్నారు. పాత సీహెచ్ఎం నాకు మూడు రోజులే దొరుకుతారు. ఆ మూడు రోజుల్లో ఏం చూసుకోవాలి?
— ఒక హవల్దార్, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మూడు రోజులు తక్కువేం కాదు. మొదటి రోజు కోత్ (ఆయుధాల గది), రెండో రోజు మనుషులు, మూడో రోజు పోస్టులు. అడ్జుటెంట్ ఆఫీసులో మూవ్‌మెంట్ ఆర్డర్ ఇచ్చి, సుబేదార్ మేజర్ సాబ్‌నీ కంపెనీ కమాండర్‌నీ సీనియర్ జేసీవోనీ (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్) కలిశాక, ఆ రోజే కోత్ తాళం తీయించండి.

కోత్ రిజిస్టర్‌లో సంతకం కోత్ చూసే ఎన్‌సీవోది (నాన్ కమిషన్డ్ ఆఫీసర్), స్టోరు సీక్యూఎంహెచ్‌ది (కంపెనీ క్వార్టర్‌మాస్టర్ హవల్దార్). అయినా ఒక్క మ్యాగజీన్ (తూటాలు నింపే డబ్బా) తగ్గితే ముందు పిలుపు సీహెచ్ఎంకే వస్తుంది. ఒకరు రిజిస్టర్ చదువుతుంటే ఇంకొకరు "ఉంది, ఉంది" అనడాన్ని లెక్క అనుకోకండి. పని తిరగేసి చెయ్యాలి. ర్యాక్‌లోంచి ఆయుధం మీ చేతిలోకి తీసుకుని, దాని మీద చెక్కిన రిజిస్టర్డ్ నంబరు మీరే పైకి చదవండి. రెండో మనిషి దాన్ని రిజిస్టర్‌లో వెతికి టిక్ పెట్టాలి. బట్ (తుపాకీ వెనక భాగం) మీది నంబరు ఒక్కటే చూసి వదలొద్దు. అది పెయింటుతో వేసింది, మరమ్మతులో బట్ మారితే నంబరూ మారిపోతుంది. ర్యాక్‌లో లేని ఆయుధాలే అసలు పరీక్ష. వర్క్‌షాపులో ఉందంటే రసీదు చూడండి. గార్డు మీద ఉందంటే గార్డు మారే వేళకు పోస్టుకే వెళ్లి నంబరు చదవండి. "తర్వాత చూద్దాం" అని సంతకం పెట్టేస్తే ఆ తర్వాత దొరికే తేడా అంతా మీదే అవుతుంది.

ఏకే రైఫిల్ మ్యాగజీన్‌లో 30 రౌండ్లు (తూటాలు) పడతాయి. స్ప్రింగ్ దెబ్బతింటుందని 28 నింపి వదిలే అలవాటు కొందరికి ఉంటుంది. కాగితం మీద 30, లోపల 28 ఉంటే వంద మ్యాగజీన్లకు 200 రౌండ్లు ఎక్కడో పెట్టెల అడుగున, పౌచుల మూలల్లో తిరుగుతున్నట్టే. కాబట్టి మ్యాగజీన్లు ఖాళీ చేయించి, దుప్పటి మీద పదేసి చొప్పున వరసలు పేర్పించండి. ఎంత నింపాలో ఆదేశం ఎంత ఉంటే అంతే నింపించండి. సీలున్న పెట్టెలకు సీలు తీగ తెగిందేమో, లాట్ నంబరు (తయారీ విడత నంబరు) రిజిస్టర్‌తో కలుస్తుందో లేదో చూడండి.

కాల్చాక మిగిలే ఖాళీ ఖోకాల (తూటా తొడుగుల) సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 40 మంది ఐదేసి రౌండ్లు కాలిస్తే 200 ఖోకాలు తిరిగి రావాలి. ఏకే ఖోకా కుడివైపుకు, కాస్త ముందుకు, మీటర్ల దూరం ఎగిరి గడ్డిలో పడుతుంది. ఫైరర్ కుడిపక్కన ముందుగానే తార్పాలిన్ పరిపించండి. ప్రతి డిటైల్ (ఒక విడతలో కాల్చే జట్టు) అయ్యాక ఏరించి లెక్కపెట్టాలి, చివర్లో అన్నీ ఒకేసారి కాదు. లెక్క కుదరకుండా లారీ రేంజి నుంచి కదలకూడదు.

రెండో రోజు నఫరీ, అంటే మనుషుల లెక్క. రోజూ పొద్దున మీరు చెప్పాల్సిన లెక్క అదే. ఉదాహరణకు కంపెనీ బలం 112 అనుకోండి. సెలవులో 27, కోర్సుల్లో 5, ఆసుపత్రిలో 2, అటాచ్‌మెంట్ల మీద 6 పోతే చేతిలో మిగిలేది 72. ఒక పోస్టులో రాత్రీ పగలూ జంట సంత్రీ నిలబడాలంటే, రెండు గంటల డ్యూటీ, నాలుగు గంటల విశ్రాంతి చొప్పున ఆరుగురు కావాలి, పైన గార్డు కమాండర్ ఒకడు. అలాంటి పోస్టులు నాలుగుంటే 28 మంది. లంగర్‌కు (వంటశాల) 6, రేడియో సెట్ మీద 3, బండ్లకు 4 తీస్తే 31. ఆ రాత్రి 20 మంది గస్తీ వెళ్తే కంపెనీలో రిజర్వు 11 మంది. ఈ పదకొండు అంకె మీ తలలో ఉండాలి. ఇంకో ఇద్దరిని క్వార్టర్‌మాస్టర్ పనికి పంపమని ఫోన్ వచ్చినప్పుడు ఇవ్వగలరో లేదో వెంటనే చెప్పగలగాలి. లెక్క తెలియని సీహెచ్ఎం "సరే సాబ్" అనేస్తాడు. అప్పుడే గస్తీ నుంచి వచ్చి పడుకున్న కుర్రాడిని లేపాల్సి వస్తుంది.

సెలవుల చార్టు కూడా ఆ రోజే తెప్పించుకోండి. జవానుకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ సెలవు. 112 మందికి 90 రోజుల చొప్పున 10,080 రోజులు. దాన్ని 365తో భాగిస్తే దాదాపు 28. అంటే ఏడాదిలో ప్రతి రోజూ 28 మంది ఇంట్లో ఉంటేనే అందరి సెలవూ పూర్తవుతుంది. వేసవి వరకు 15 మందినే పంపితే ఆ లోటంతా నవంబరు, డిసెంబరుల మీద పడుతుంది. ఏడాది దాటితే క్యాజువల్ సెలవు పోయినట్టే. "సెలవు ఇవ్వలేదు" అన్న కోపం చాలాసార్లు ఎవరి దుర్మార్గం వల్లా పుట్టదు, మొదటి మూడు నెలల్లో ఈ భాగహారం ఎవరూ చెయ్యకపోవడం వల్ల పుడుతుంది. దక్షిణాది కుర్రాళ్లున్న కంపెనీలో ఇంకో చిక్కుంది. సంక్రాంతీ పొంగలూ ఒకే రోజు, అందరూ అప్పుడే అడుగుతారు. నిరుడు ఎవరు పండక్కి వెళ్లారో రాసిన కాగితం లేకపోతే ఈ ఏడు ఎవరికి ఇచ్చినా పక్షపాతమే అంటారు.

మూడో రోజు పోస్టులన్నీ ఒకసారి పగలు, ఒకసారి రాత్రి రెండింటికీ నాలుగింటికీ మధ్య తిరగండి. గార్డు మారే చోట నిలబడి అన్‌లోడ్ చేయడం చూడండి. ముందు మ్యాగజీన్ తీయాలి, తర్వాత కాకింగ్ హ్యాండిల్ లాగి ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) ఖాళీ అని కళ్లతో చూడాలి, ఆ తర్వాతే గొట్టం ఇసుక వైపే ఉంచి ట్రిగ్గర్ నొక్కాలి. నిద్రమత్తులో ఉన్నవాడు మ్యాగజీన్ తీయకముందే హ్యాండిల్ లాగుతాడు. రౌండ్ ఛాంబర్‌లోకి ఎక్కుతుంది, తర్వాత మ్యాగజీన్ తీసి ఖాళీ అయిందనుకుంటాడు. పొరపాటు కాల్పుల్లో ఎక్కువ భాగం వెనక ఉండేది ఇదే. గార్డు కమాండర్ పక్కన నిలబడి ఒక్కో మాటా పలికించాలి, దూరం నుంచి కేకేస్తే చాలదు.

ఈ మూడు రోజుల్లో ఏదీ మార్చకండి. పాత యూనిట్‌లో ఇలా చేసేవాళ్లం అన్న మాట నెల రోజులు నోట రానివ్వకండి. రాష్ట్రీయ రైఫిల్స్ 1990లో మొదలైనప్పటి నుంచీ వేర్వేరు ఆర్మ్‌ల (సైన్య విభాగాల) వాళ్లు కలిసి నడిపే దళం. మీ కంపెనీలో సిగ్నల్స్ వాడుంటాడు, ఫిరంగుల రెజిమెంట్ వాడుంటాడు, ఎవరి పాత పద్ధతి వాళ్లకు గొప్ప.

ప్రశ్న: సీహెచ్ఎం అయి రెండు నెలలైంది. ప్లటూన్ హవల్దార్లలో ఒకరు నాకన్నా సీనియర్. ఫాల్-ఇన్‌లో (జవాన్లు వరసగా నిలబడినప్పుడు) నేను డ్యూటీకి పేర్లు పిలిస్తే "ఇతన్ని ఎందుకు తీశావ్" అని అందరి ముందూ అడుగుతారు. తెలుగు కుర్రాళ్లను కాపాడుతున్నానని కూడా మాటొచ్చింది. ఎలా సర్దుకోవాలి?
— పేరు వద్దన్న పాఠకుడు, విజయనగరం జిల్లా

జవాబు: ఆ సీనియర్ అడిగే పద్ధతి తప్పు, అడిగే విషయంలో మాత్రం న్యాయం ఉంది. సీహెచ్ఎం అనేది ర్యాంకు కాదు, అపాయింట్‌మెంట్. మీరూ హవల్దారే, ఆయనా హవల్దారే. ఆయన ప్లటూన్‌లోంచి మీరు పేరు పెట్టి మనిషిని లాగితే ఆయన చేతిలో ఇక ఏం మిగిలినట్టు?

పేర్లు అడగడం మానేసి సంఖ్య అడగండి. "రెండో ప్లటూన్ నుంచి గార్డుకు ఆరుగురు, లంగర్‌కు ఇద్దరు." పేర్లు ప్లటూన్ హవల్దార్ ఇస్తారు. మీ రోస్టర్‌లో మూడు ప్లటూన్ల వంతులు ఉండాలి, వాళ్ల రోస్టర్లలో మనుషుల పేర్లు. వారానికోసారి ఆ మూడు పుస్తకాలూ తెప్పించుకుని చూడండి. గార్డు, రాత్రి గస్తీ, లంగర్ పని, ఆదివారాలు, పండగలు దేనికది వేరే గడిలో ఉండాలి. అన్నీ కలిపి "నెలకు 12 డ్యూటీలు" అని రాస్తే, 12 సార్లూ రాత్రి రెండింటి వంతు పడినవాడూ, 12 సార్లూ సాయంత్రం ఆరింటి వంతు పడినవాడూ కాగితం మీద సమానమైపోతారు. క్లర్కు, క్రీడాకారుడు, మంగలి, స్టోర్ మ్యాన్ ఏళ్ల తరబడి గార్డు ముఖం చూడకపోవడం ఈ పుస్తకాల్లోనే బయటపడుతుంది. వాళ్లకు కనీసం ఆదివారం వంతు పడేలా సీనియర్ జేసీవో సాబ్‌తో మాట్లాడి తేల్చండి. లో మెడికల్ కేటగిరీ వాళ్ల సంగతి వేరు. వాళ్లకు ఏ పని నిషేధమో కాగితంలో ఉంటుంది, దాన్ని దాటించొద్దు.

ఫాల్-ఇన్‌కు పది నిమిషాల ముందు ముగ్గురు ప్లటూన్ హవల్దార్లనూ ఒకచోట నిలబెట్టి ఆ రోజు లెక్క చెప్పండి. అభ్యంతరాలన్నీ ఆ పది నిమిషాల్లోనే తేలిపోవాలి. ఆ తర్వాత కూడా ఆయన వరస ముందు నోరు చేసుకుంటే, అక్కడ జవాబివ్వకుండా తర్వాత ఒంటరిగా మాట్లాడండి. అప్పటికీ మారకపోతే సీనియర్ జేసీవో దగ్గరికి వెళ్లాలి. జేసీవోను దాటి నేరుగా కంపెనీ కమాండర్ దగ్గరికి వెళ్తే ఇద్దరినీ పోగొట్టుకుంటారు.

తెలుగు కుర్రాళ్ల మాట. ఊరు కాని ఊళ్లో మనోళ్లు కనిపిస్తే ప్రాణం లేచొస్తుంది, కాదనలేం. కానీ వరసలో, ఆఫీసులో, లంగర్‌లో, నలుగురు వినేచోట హిందీలోనే మాట్లాడండి. పక్కన నిలబడ్డ మలయాళీకో పంజాబీకో మీ తెలుగు అర్థం కాదు, తన డ్యూటీ గురించే ఏదో అనుకుంటున్నారని అనుమానిస్తాడు. ఇంటి కష్టం చెప్పుకోవడానికి వచ్చిన కుర్రాడితో మాత్రం తెలుగులోనే మాట్లాడండి. బాధ పరాయి భాషలో సగమే బయటికొస్తుంది.

ప్రశ్న: మా కంపెనీ జవాను సెలవు అయిపోయి ఆరు రోజులైనా రాలేదు, ఫోన్ ఎత్తడం లేదు. తిరిగొచ్చాక నాలుగు తగిలిస్తే దారికొస్తాడని తోటివాళ్లు అంటున్నారు. కొత్తగా ఈ కుర్చీలోకి వచ్చాను, ఏం చెయ్యాలి?
— ఒక సీహెచ్ఎం, నల్గొండ జిల్లా

జవాబు: చెయ్యి చేసుకోవద్దు. కింది ర్యాంకు వాణ్ని కొట్టినా హింసించినా ఆర్మీ యాక్ట్, 1950లోని సెక్షన్ 47 కింద కోర్ట్ మార్షల్‌లో ఏడేళ్ల దాకా జైలు పడొచ్చు, అది ఎన్‌సీవోకూ వర్తిస్తుంది. శిక్ష వేసే అధికారం సీహెచ్ఎంకు లేనే లేదు. సెక్షన్ 80 కింద కమాండింగ్ ఆఫీసర్ (బెటాలియన్ అధిపతి) వేసే నిర్బంధ శిక్ష 28 రోజుల దాకా ఉంటుంది. టోపీ, బెల్టు తీయించి కుర్రాణ్ని ఆయన ముందుకు మార్చప్ చేయడం (హాజరుపరచడం), నిజం దాచకుండా చెప్పడం వరకే మీ పని.

ఇప్పుడు చెయ్యాల్సింది వెతుకులాట. సెలవు దస్త్రంలో ఉన్న ఇంటి నంబరు పని చెయ్యకపోతే ఆ ఊరి సర్పంచ్‌ను, దగ్గర్లోని మాజీ సైనికులను అడగండి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి ఫోన్ చెయ్యండి. జబ్బు చేసిందని తేలితే దగ్గరి సైనిక ఆసుపత్రిలో రిపోర్టు చెయ్యమనండి. తెలంగాణ వాళ్లకు సికింద్రాబాద్ మిలిటరీ హాస్పిటల్ ఉంది, ఉత్తరాంధ్ర వాళ్లకు విశాఖలో ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణి ఉంది. ప్రైవేటు డాక్టరు చీటీ ఇంట్లో పెట్టుకుని కూర్చుంటే సెలవు పెరగదు. ఇదంతా ఎవరితో, ఏ తేదీన, ఎన్ని గంటలకు మాట్లాడారో రాసిపెట్టండి. 30 రోజులు దాటితే సెక్షన్ 106 ప్రకారం కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ కూర్చోవాలి, అప్పుడు ఆ రాతే పనికొస్తుంది. సెలవు లేకుండా గైర్హాజరుకు సెక్షన్ 39 కింద మూడేళ్ల దాకా శిక్ష ఉందన్న సంగతి ఇంటివాళ్లకు బెదిరింపుగా కాకుండా, తెలియాల్సిన విషయంగా చెప్పండి.

వచ్చాక ముందు కారణం అడగండి. పొలం గట్టు తగాదా అయితే కమాండింగ్ ఆఫీసర్ తరఫున జిల్లా కలెక్టర్‌కు ఉత్తరం వెళ్లేలా చూడండి. కోర్టులో కేసుంటే, యుద్ధ లేదా ప్రత్యేక పరిస్థితుల్లో పనిచేస్తున్న సైనికుడికి వాయిదా ఇప్పించడానికి ఇండియన్ సోల్జర్స్ (లిటిగేషన్) యాక్ట్, 1925 ఉంది. చాలామందికి ఈ చట్టం పేరు కూడా తెలియకపోవడం బాధాకరం. భార్యాభర్తల గొడవో అప్పులో అయి కుర్రాడు ముభావంగా, తిండి మానేసి ఉంటే, అదే పూట కంపెనీ కమాండర్‌కు, రెజిమెంటల్ మెడికల్ ఆఫీసర్‌కు చెప్పండి. అతణ్ని ఆయుధంతో ఒంటరిగా రాత్రి డ్యూటీకి పెట్టకండి. కారణం నలుగురికీ తెలియకుండా లంగర్‌లోనో స్టోర్‌లోనో జంటగా పని ఇవ్వండి.

ఇలాంటివి ముందే తెలియాలంటే జేబు పుస్తకం ఒకటే మార్గం. మనిషికి సగం పేజీ: ఆర్మీ నంబరు, రక్తం గ్రూపు, ఊరు, దగ్గరి రైల్వే స్టేషన్, భార్యాపిల్లల పేర్లు, చివరి సెలవు తేదీ, మెడికల్ కేటగిరీ, ఇంట్లో సమస్య. పెళ్లయిన ప్రతివాడి పేజీలో ఇంకో రెండు గడులు గీయండి: పెళ్లి పార్ట్-2 ఆర్డర్ (సర్వీసు రికార్డులో పెళ్లి నమోదు ఆదేశం) వెలువడిందా, ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్ నామినేషన్ మార్చాడా. పెళ్లయి మూడేళ్లయినా నామినేషన్ అమ్మ పేరు మీదే ఉండిపోతే, జరగరానిది జరిగిన రోజున అత్తాకోడళ్లు ఆఫీసు మెట్ల మీద ఎదురెదురుగా నిలబడాల్సి వస్తుంది.

ప్రశ్న: డ్యూటీ చార్టు ఫొటో తీసి కంపెనీ వాట్సాప్ గ్రూపులో పెడితే అందరికీ త్వరగా తెలుస్తుంది కదా?
— ఒక నాయక్, ప్రకాశం జిల్లా

జవాబు: పెట్టకండి. ఏ పోస్టులో ఎందరు, ఏ వేళకు మారతారు అన్నదే ఆ చార్టు. అది ఒక్క ఫోన్ నుంచి బయటికి పోతే చాలు. 2020లో సైన్యం 89 యాప్‌లు తీసెయ్యమని ఆదేశించింది కూడా ఇలాంటి లీకుల భయంతోనే. సాయంత్రం రోల్ కాల్‌లో చదివించి, బారక్ లోపలి బోర్డు మీద ఒక ప్రతి పెట్టించండి. మర్నాడు కొత్తది పెట్టగానే పాతదాన్ని క్లర్కు చేత కాల్పించండి.