పచ్చికలో మట్టి కుప్పలు

ప్రశ్న: మా ఇంటి ముందు పచ్చికలో తెల్లవారేసరికి మట్టి కుప్పలు లేస్తున్నాయి. ఇది విదేశాల్లో పచ్చికలను పాడుచేసే మోల్ అనే నేల తవ్వే జంతువు పనేనా? నివారణ తెలుపగలరు.
– ఒక పాఠకుడు, బొబ్బిలి, విజయనగరం జిల్లా

జవాబు: కాదు. వానపాములను, పురుగులను తినే మోల్ మన కోస్తా జిల్లాల్లో ఉండదు. మీ పచ్చికను తవ్వుతున్నది బహుశా పందికొక్కు. బొరియ నోటి దగ్గర వదులు మట్టిని కుప్పగా పోయడం దాని అలవాటు. వరి కోతలయ్యాక పొలాల్లో తిండి తగ్గడంతో ఇళ్ల వైపు వస్తుంది.

సాయంత్రం బొరియలన్నిటినీ మట్టితో మూసి, మర్నాడు మళ్లీ తవ్వినవాటినే పట్టించుకోండి. ఒకటి రెండే ఉంటే బోను చాలు. అయితే కొత్త వస్తువును అనుమానించే ప్రాణి కనుక, ఎండుచేప ముక్క పెట్టి, రెండు మూడు రాత్రులు తలుపు పడకుండా ఉంచి, అలవాటు పడ్డాకే బిగించాలి. వాసనకు పారిపోతుందని నాఫ్తలీన్ ఉండలపై డబ్బు పోయకండి.

బొరియలు ఎక్కువైతే 960 గ్రాముల నూకలకు 20 గ్రాముల వంటనూనె, 20 గ్రాముల 0.25 శాతం బ్రోమోడయోలోన్ అనే ఎలుకల మందు కలిపి, 15 గ్రాముల చొప్పున పొట్లాలు కట్టి, చేతి తొడుగులతో బొరియ లోపలికి తోసి మూయాలి. ఫలితానికి కొన్ని రోజులు పడుతుంది. పసిపిల్లలు, పెంపుడు కుక్క ఉన్న ఇంటికి మాత్రం ఈ మందును నేను సూచించను. చచ్చిన పందికొక్కును తిన్న పిల్లికి, గుడ్లగూబకు కూడా ప్రమాదమే కనుక కళేబరాలను లోతుగా పూడ్చాలి.

ప్రహరీ పక్కనున్న కట్టెల మోపులను తొలగించండి. కుంగిన చోట మట్టి నింపి, తొక్కి, నీరు పెడితే గరిక జాతి గడ్డి తిరిగి అల్లుకుంటుంది.