రాజద్రోహం, దేశద్రోహం ఒకటేనా?

సందేహం: ప్రభుత్వాన్ని తిడుతూ ఎవరైనా పోస్టు పెడితే భారత శిక్షాస్మృతిలోని 124ఎ సెక్షన్ కింద కేసు పెట్టేవారు. దాన్ని ఒక పత్రిక రాజద్రోహం అని, ఇంకో పత్రిక దేశద్రోహం అని రాసేవి. రాజులు పోయి ఇన్నేళ్లయింది కదా, దేశద్రోహమే సరైన మాట కాదా?
– ఒక పాఠకుడు, తెనాలి

సమాధానం: కాదండీ. ఆ సెక్షన్‌కు రాజద్రోహమే సరిపోతుంది.

స్నేహితుడికి కీడు తలపెడితే మిత్రద్రోహం, గురువుకు తలపెడితే గురుద్రోహం. కీడు ఎవరికో సమాసంలోని మొదటి పదమే చెబుతుంది. మరి 124ఎ ఎవరికి జరిగే కీడు గురించి మాట్లాడింది? 1870లో భారత శిక్షాస్మృతిలో చేర్చిన ఆ సెక్షన్, చట్టప్రకారం ఏర్పడిన ప్రభుత్వం మీద ద్వేషమో ధిక్కారమో రేపడం నేరమంది. ప్రభుత్వం మీద అంది గానీ దేశం మీద అనలేదు.

‘రాజ’ అన్నంత మాత్రాన కిరీటం పెట్టుకున్నవాడే ఉండాలని లేదు. రాజధాని, రాజకీయం, రాజపత్రం, రాజ్యాంగం అని రోజూ అంటున్నాం. వీటిలో రాజు ఎక్కడున్నాడు? పాలనాధికారం అన్న అర్థమే మిగిలింది.

రెండు మాటల్నీ కలిపేస్తే ఏమవుతుందో మన చరిత్రలోనే ఉంది. 1908లో బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలో వచ్చిన వ్యాసానికి సంపాదకుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని జైల్లో పెట్టారు. దొరల లెక్కలో అది రాజద్రోహం. దేశద్రోహమని తెలుగువాడెవడైనా అన్నాడా? ఆంధ్ర తిలక్ అని పిలుచుకున్నారు. 1922లో అహ్మదాబాద్ కోర్టులో గాంధీ అదే సెక్షన్ కింద నేరం ఒప్పుకుంటూ, ప్రేమను చట్టంతో పుట్టించలేమన్నారు. దేశం మీద ప్రేమ ఉన్నందుకే వీళ్లు ప్రభుత్వానికి ఎదురు తిరిగారు. వీళ్ల కేసును దేశద్రోహం అని రాస్తే వాక్యమే అబద్ధమవుతుంది.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ తేడా పోలేదు. 1962లో కేదార్‌నాథ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేయలేదు గానీ కళ్లెం వేసింది. హింసకు ఉసిగొల్పితేనో, శాంతిభద్రతలు చెడగొట్టే ఉద్దేశంతో మాట్లాడితేనో నేరం. ప్రభుత్వ చర్యల్ని ఎంత ఘాటుగా విమర్శించినా కాదు. చట్టప్రకారం ఏర్పడిన ప్రభుత్వం వేరు, ఆ కాలానికి అధికారంలో ఉన్న మనుషులు వేరు అని కూడా చెప్పింది. కోర్టు ప్రభుత్వానికీ మంత్రులకీ మధ్యే గీత గీస్తుంటే, మనం దేశాన్నీ ప్రభుత్వాన్నీ ఒక్కటి చేసి హెడ్డింగ్ పెట్టడం ఏం న్యాయం?

2022 మేలో సుప్రీంకోర్టు 124ఎ అమలును నిలిపేసింది. 2024 జూలై 1న శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి రావడంతో ఆ సెక్షనే పోయింది. కొత్తగా వచ్చిన 152వ సెక్షన్ వేర్పాటునూ, సాయుధ తిరుగుబాటునూ ప్రోత్సహించడం, దేశ సార్వభౌమత్వాన్ని, సమైక్యతను ప్రమాదంలో పడేయడం గురించి చెబుతుంది. ఇక్కడ దేశద్రోహం అన్న మాట అర్థానికి దగ్గరగానే ఉంది, ఒప్పుకుంటాను. అయినా సెక్షన్ శీర్షికలో ద్రోహం అన్న పదమే లేదు. దాన్ని తగిలిస్తున్నది మనమే.

కేసు పెట్టిన రోజునే ‘దేశద్రోహి అరెస్టు’ అని రాయడం మరీ అన్యాయం. తీర్పు వచ్చేదాకా అతను నిందితుడే. సెక్షన్ పేరు మొత్తం హెడ్డింగ్‌లో పట్టదంటారా, ‘152 కింద కేసు’ అనండి చాలు.