మూత బిగించకు బుజ్జీ

చిరంజీవి బుజ్జికి,

ఘన, ద్రవ, వాయు స్థితుల పాఠాన్ని ఈసారి ప్రయోగాలతో చెప్పబోతున్నావని మీ నాన్న ఫోన్‌లో అన్నాడు. ఎంత సంతోషమనిపించిందో! తర్వాత లిస్టులో డ్రై ఐస్, అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, కూడా ఉందన్న మాట గుర్తొచ్చింది. ఇక రాత్రంతా నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

తేలికవి ముందు చెప్పేస్తాను. మైనాన్ని నేరుగా మంట మీద పెట్టకు, వేడినీళ్ళ గిన్నెలో ఉంచి కరిగించు. ఐస్ కరిగేటప్పుడు థర్మామీటరు అందులోనే ఉంచి కలుపుతూ ఉండు. చివరి ముక్క కరిగేదాకా అది 0 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. థర్మామీటరు పాడైందంటారు పిల్లలు. అననివ్వు. గ్రాము ఐస్ కరగడానికి 334 జౌళ్ళ వేడి పడుతుందని ఆ తర్వాత చెప్పు.

కెటిల్ కొమ్ములోంచి వచ్చే తెల్లటి పొగను చూపించి ఇదే ఆవిరి అనకు. అది అప్పటికే చల్లబడి సన్నటి నీటి తుంపర అయిపోయింది. కొమ్ముకూ ఆ తెలుపుకూ మధ్య ఏమీ కనిపించని జాగా ఉంటుంది చూడు, అసలు ఆవిరి అక్కడుంది. ఏమీ లేదు కదా అని పిల్లలు సరిగ్గా అక్కడే వేలు పెడతారు. మరిగే నీరు ఆవిరి కావడానికి గ్రాముకు 2,260 జౌళ్ళు తీసుకుంటుంది. చర్మం తగిలి మళ్ళీ నీరైనప్పుడు ఆ వేడంతా చర్మానికే ఇచ్చేస్తుంది. కెటిల్ దగ్గరికి ఎవరినీ రానివ్వకు.

ఇక డ్రై ఐస్. నాతో పనిచేసిన ఒక మాస్టారి సంగతి చెప్పాలి. ఫిజిక్స్‌లో మా అందరికంటే దిట్ట. గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్ మైనస్ 78 డిగ్రీల దగ్గర ద్రవం కాకుండానే వాయువైపోతుందని పిల్లలు బట్టీ పట్టేస్తున్నారని ఆయన బాధ. అది మామూలు గాలి పీడనం దగ్గరి మాట. అంతకు 5 రెట్లు దాటిన పీడనంలో అదీ కరుగుతుంది. దాన్ని కళ్ళకు కట్టినట్టు చూపించాలనుకున్నాడు. చెప్పినదాంట్లో అక్షరం తప్పు లేదు. తప్పంతా సీసాలో ఉంది. చేతికందిన గాజు సీసాలో ముక్కలు వేసి, మూత బిగించేశాడు.

కిలో డ్రై ఐస్ పూర్తిగా వాయువైతే 500 లీటర్లకు పైనే అవుతుంది. మూత పెట్టాక అదంతా ఎటు పోతుంది? సీసా మాత్రం బుద్ధిగా కూర్చుంది, బయట కాస్త మంచు పట్టిందంతే. ద్రవం ఇంకా కనపడలేదేమిటని ఆయన వంగబోతుంటే తలుపు దగ్గర నుంచి ఎవరో పిలిచారు. అటు రెండడుగులు వేశాడో లేదో, పేలిపోయింది. గాజు పెంకులు బోర్డులో దిగబడ్డాయి. పిల్లలు ఇంకా రాలేదు కాబట్టి సరిపోయింది. ఆయన మెడ వెనక గుచ్చుకున్న ముక్కలు తీసింది నేనే. చేతులు వణుకుతూనే ఉన్నాయి, అయినా “సిద్ధాంతం కరెక్టే కదండీ” అన్నాడు మహానుభావుడు! కొట్టాలనిపించింది.

బిగించిన మూత చూస్తే ఇప్పటికీ నాకు టెన్షనే. నవ్వుకుంటే నవ్వుకో. నీదీ అదే తెలివి, అదే తొందర. చిన్నప్పుడు గాజు సీసా నిండా నీళ్ళు పోసి ఫ్రీజర్‌లో పెట్టి పగలగొట్టావు, గుర్తుందా? నీళ్ళు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయని ఎవరూ చెప్పకుండానే తెలుసుకున్నావు. మీ అమ్మ తిడుతుంటే నేను నీ పక్షాన మాట్లాడాను. ఈసారి మాట్లాడను.

వెడల్పాటి, మూత లేని గిన్నె వాడు. మందపాటి గ్లోవ్స్ లేకుండా ముట్టుకోకు. కిటికీలన్నీ తెరిచి ఉంచు, ఆ వాయువు గాలికంటే బరువు, కిందికే చేరుతుంది. కారులో తెచ్చేటప్పుడూ అద్దాలు దించు. మిగిలిన ముక్కల్ని ఫ్రీజర్‌లో దాచకు తల్లీ, అక్కడి మైనస్ 18 కూడా దానికి వేడే. ద్రవ కార్బన్ డయాక్సైడ్ చూపించి తీరాలనుకుంటే వీడియో వెయ్యి.

రక్షణ కళ్ళద్దాలు నీకూ, ముందు వరుసలో కూర్చునే పిల్లలకూ ఈ వారంలోనే తెప్పించు. తెచ్చాక నాకు ఫోన్ చెయ్యి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న