నలుగురు గాయకుల అమెరికన్ బృందం ఓక్ రిడ్జ్ బాయ్స్ పాడిన ‘ఎల్వైరా’ పాట అంతగా ఎందుకు విజయవంతమైంది?

అమెరికాలోని టెన్నెస్సీ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో ఒక సహోద్యోగి ఇంట్లో మరి ముగ్గురితో కలిసి ఈ పాట పాడవలసి వచ్చింది. దాని బలం ఎక్కడుందో నాకు తెలిసింది ఆ సాయంత్రమే.

డల్లాస్ ఫ్రేజియర్ అనే రచయిత నాష్‌విల్ తూర్పు భాగంలో ఒక వీధి బోర్డు మీద ఈ పేరు చూసి, దానిని ప్రియురాలి పేరుగా మార్చి పాట కట్టారు. 1966లో ఆయనే పాడి విడుదల చేస్తే అది పెద్దగా సాగలేదు. 1978లో రాడ్నీ క్రోవెల్ అనే గాయకుడు పాడినప్పుడూ అంతే. అదే పాటను 1981లో ఓక్ రిడ్జ్ బాయ్స్ అందుకోగానే బిల్‌బోర్డ్ పత్రిక కంట్రీ (అమెరికా పల్లెసీమల బాణీ సంగీతం) పట్టికలో మొదటి స్థానానికి, పాప్ పట్టికలో 5వ స్థానానికి చేరింది, గ్రామీ పురస్కారమూ తెచ్చింది.

నా ఉద్దేశంలో ఈ తేడా అంతా ఆ నలుగురి శిక్షణలో ఉంది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో టెన్నెస్సీలోని ఓక్ రిడ్జ్ అణుకర్మాగారపు కార్మికుల కోసం పాడిన బృందం నుంచి వీరి పేరూ పరంపరా వచ్చాయి. 1970ల్లో కంట్రీ సంగీతానికి మళ్లేవరకు వీరు పాడినవి చర్చి చతుష్టయ గీతాలే. అందులో నాలుగు గొంతులు ఒకేసారి నాలుగు స్థాయులలో నడుస్తాయి, ఏ ఒక్కటి తప్పినా మిగిలినవి నిలబడవు. ‘ఎల్వైరా’లో ప్రధాన గాత్రం జో బాన్సల్‌ది (ఆయన 2024లో కన్నుమూశారన్న వార్త విన్న రాత్రి ఈ పాటనే పదేపదే విన్నాను). అయితే పల్లవి వచ్చేసరికి పాట రిచర్డ్ స్టెర్బన్ మంద్రస్వరానికి చేరుతుంది. ‘ఊమ్ పపా ఊమ్ పపా మౌ మౌ’ అనే అర్థంలేని ఆ అక్షరాలను ఆయన పాతాళం నుంచి పలికినట్లు పలుకుతుంటే, సభలో ఉన్నవారందరూ తమ గొంతునూ అంత లోతుకు దించి ప్రయత్నించకుండా ఉండలేరు.

చిన్నప్పుడు మా ఊరి భజనలో హార్మోనియం శ్రుతి పెంచగానే నా గొంతు అందేది కాదు, అందువల్ల నన్ను తాళాలకే పరిమితం చేశారు. అందరూ ఒకే వరుసను ఒకే స్థాయిలో పాడే చోట అది సహజమే. ఆ సాయంత్రం మాత్రం చర్చిలో పాడే అనుభవమున్న ఆ సహోద్యోగి, నేను మాట్లాడే తీరు విని, అన్నిటికన్నా కిందిదైన మంద్రస్వర వరుస నాకు అప్పగించారు. రెండుసార్లు తడబడ్డాను. మూడోసారి నా వంతు సరిగ్గా పడి, పై మూడు గొంతులూ నా మీద ఆనుకొన్నట్లు తోచినప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

మీరు ఫోను స్పీకరులో వింటే ఆ అడుగు స్వరం సగానికి సగం వినపడదు కనుక, మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకొని, మొదటిసారి బాన్సల్‌ను, రెండోసారి స్టెర్బన్‌ను ఒక్కరినే అనుసరిస్తూ వినండి.