మూడు లక్షలకు ఓడ పైలట్ ఉద్యోగం రాదు

ప్రశ్న: మాది కాజీపేట, నేను రైల్వేలో చేస్తాను. మా బాబు ఇంటర్ ఎంపీసీ అయిపోయింది, ఓడ పైలట్ అవుతానని ఒకటే పట్టు. హన్మకొండలో ఒకాయన మూడు లక్షలు కడితే ఏడాదిలో విశాఖ పోర్టులో పైలట్‌గా పెట్టిస్తానంటున్నాడు. కట్టమంటారా?

జవాబు: వద్దన్నా, ఒక్క రూపాయి కూడా కట్టకండి.

మీరు రైల్వే మనిషి కాబట్టి మీకు చెప్పడం తేలిక. ఎంత సీనియర్ లోకో పైలట్ అయినా కొత్త సెక్షన్‌లో రోడ్ లెర్నింగ్ (ఆ దారి నేర్చుకోవడం) చేయకుండా బండి నడపనివ్వరు కదా, ఓడలదీ అదే లెక్క. దేశదేశాలు తిరిగిన కెప్టెన్‌కైనా విశాఖ రేవులో ఎక్కడ ఎంత లోతుందో, డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన ఆ ఇరుకు కాలువలో గాలి ఓడను ఎటు తోస్తుందో తెలియదు. అందుకే ఓడ ఎక్కి కెప్టెన్‌కు దారి చూపి రేవులోకి తెచ్చేందుకు అక్కడి నీళ్లు తెలిసిన పైలట్‌ను పోర్టే పంపుతుంది, ఫీజు ఓడవాళ్లు కడతారు. కోల్‌కతాకైతే సముద్రం నుంచి హుగ్లీ నదిలో 200 కిలోమీటర్ల పైనే ఇలా దారి చూపాలి, పైగా ఇసుక మేటలు ఇవాళ ఉన్నచోట రేపుండవు.

ఆ ఓడ ఎక్కడం కూడా మాటలు కాదు. పైలట్ బోటు నడుస్తున్న ఓడ పక్కకు చేరి దాంతోపాటే పోతుంటే పైనుంచి తాడు నిచ్చెన వేస్తారు, అల బోటును పైకెత్తిన ఆ క్షణంలోనే నిచ్చెన అందుకుని గబగబా పైకి వెళ్లిపోవాలి, తడబడితే తర్వాతి అలకు లేచిన బోటుకూ ఓడకూ మధ్య కాళ్లు నలిగిపోతాయి. ఇది బాబుకు తప్పకుండా చెప్పండి.

ఇంత పని కాబట్టే మన పెద్ద పోర్టుల్లో పైలట్‌గా మామూలుగా కెప్టెన్ సర్టిఫికెట్ ఉన్నవాళ్లనే తీసుకుంటారు. ముందు ఐఎంయూ సెట్ (ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష) రాసి డీఎన్‌ఎస్ (డిప్లొమా ఇన్ నాటికల్ సైన్స్, ఓడ నడపడం నేర్పేది) లాంటి కోర్సులో చేరాలి, ఆపైన ఓడ మీద ట్రైనింగ్, పరీక్షలు, ఒక్కో మెట్టూ ఎక్కాలి, కెప్టెన్ అయ్యేసరికి పదేళ్లకు అటూ ఇటూ పడుతుంది. మన జిల్లాకు సముద్రం లేదని మాత్రం దిగులొద్దు, అది ఎవరూ అడగరు. ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ కలిపి 60 శాతం ఉందో లేదో చూసుకోండి, ఈ వారమే కళ్లు పరీక్ష చేయించండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా పోల్చలేకపోతే ఈ దారిలో తీసుకోరు, అది ముందే తెలిస్తే పిల్లాడికి ఏళ్లు మిగులుతాయి.

ఆ హన్మకొండాయనకు ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చి ఉంటే, రసీదు, ఫోన్ మెసేజ్‌లు పట్టుకుని ఆలస్యం చేయకుండా పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి.