1935 నాటి హాలీవుడ్ సముద్రదొంగల సినిమా 'కెప్టెన్ బ్లడ్'లో ఓడ యుద్ధాలు ఎలా తీశారు?

నడిసముద్రంలో తీసింది చాలా తక్కువండీ. దూరం నుంచి కనిపించే ఓడలు చాలావరకు స్టూడియో ట్యాంకులో తేలే బొమ్మ ఓడలే. కత్తులు దూసి ఒకరి మీద ఒకరు దూకే షాట్లు సెట్‌గా వేసిన డెక్ మీద తీశారు. అదీ చాలక 1924 నాటి మూకీ 'ది సీ హాక్' నుంచి కొన్ని ముక్కలు తెచ్చి అతికించారు. ఆ మూకీకి నిజం సైజులో ఓడలు కట్టించారు కాబట్టి ఆ బరువు ఇక్కడా కనిపిస్తుంది. దర్శకుడు మైఖేల్ కర్టిజ్ వీటిని ఎడిటింగ్‌లో ఎంత వేగంగా కత్తిరించి కలిపించాడంటే, అతుకులు వెతికితే తప్ప దొరకవు.

హీరోగా ముందు అనుకున్నది రాబర్ట్ డోనాట్‌ని. ఆయన తప్పుకోవడంతో అప్పటికి పెద్దగా ఎవరికీ తెలియని ఎరల్ ఫ్లిన్‌కి ఆ వేషం దక్కింది. ఒడ్డున జరిగే కత్తియుద్ధం మాత్రం కాలిఫోర్నియాలోని లగూనా బీచ్‌లో తీశారు. అందులో చచ్చిపోయే బేసిల్ రాత్‌బోనే నిజానికి ఫ్లిన్ కంటే మంచి కత్తివీరుడు, పాపం!

సంగీతానికి స్వరకర్త ఎరిక్ కోర్న్‌గోల్డ్‌కి దొరికింది మూడు వారాలే. టైమ్ చాలక పాతకాలపు స్వరకర్త ఫ్రాంజ్ లిస్ట్ స్వరాలు కొన్ని వాడుకున్నాడు. అందుకే టైటిల్స్‌లో తన పేరు స్వరకర్తగా కాకుండా, సంగీతాన్ని కూర్చినవాడిగా మాత్రమే వేయమన్నాడు.