మానేసినా, టెన్షన్ వస్తే మళ్ళీ తాగాలనిపించడం గురించి

అక్కా, మీ తమ్ముడు తాగుడు మానేసి మూడు నెలలైనా, ఇంట్లో గొడవ జరిగిన ప్రతిసారీ మళ్ళీ తాగాలనిపిస్తోందంటున్నాడని, అది మొండితనమేనా అని అడిగారు. కాదు. అమెరికాలో యేల్ యూనివర్సిటీలో రజితా సిన్హా గారు ఏళ్ల తరబడి పరిశోధిస్తున్నది సరిగ్గా దీని గురించే. మానేసినవాళ్ల చేత వాళ్ల జీవితంలోనే జరిగిన బాధాకరమైన సంఘటన ఒకటి చెప్పించి, దాన్ని రికార్డు చేసి వాళ్లకే వినిపిస్తూ, మళ్ళీ ఊహించుకోమంటారు. అప్పుడు తాగాలన్న కోరిక బాగా పెరుగుతుంది. అలా ఎక్కువగా పెరిగినవాళ్లు త్వరగా మళ్ళీ మొదలుపెట్టే ప్రమాదమూ ఎక్కువే. ఏళ్ల తాగుడు మెదడులో ఒత్తిడిని అదుపుచేసే వ్యవస్థనే దెబ్బతీస్తుంది. అది కుదుటపడటానికి మూడు నెలలు చాలకపోవచ్చు.

అందుకే "నీకు పట్టుదల లేదు" అని మాత్రం దయచేసి అనకండి, అదీ ఒక ఒత్తిడే. గొడవ మొదలైతే అతను ఎక్కడికి వెళ్లాలో, ఎవరికి ఫోన్ చేయాలో ముందే మాట్లాడుకోండి. చిన్నప్పుడు అతన్ని నాన్నగారు కొట్టిన దెబ్బల గురించి రాశారు కదా, అది సైకియాట్రిస్టుకు తప్పకుండా చెప్పాలి. కోరిక తగ్గించే మాత్రలు కూడా ఉన్నాయి, అడగండి. ఈలోగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితమే, తెలుగులోనే మాట్లాడొచ్చు.